దూరపు తపాలా, దగ్గరి తాళము

ఉత్తరము వ్రాయుట ఒక విద్య. వ్రాసిన ఉత్తరమును చేరవలసినవారికి చేర్చుట వేరొక విద్య. ఆ చేర్చు ఏర్పాటు చెడకుండ, ఒకరి ఉత్తరము మరియొకరి చేతిలో పడకుండ కాచుట మూడవ విద్య. మొదటిదానిని గూర్చి మన పెద్దలు సంబోధనలు, మర్యాదలు, ముగింపులు ఎన్నో నేర్పిరి. రెండవదానిని తపాలా బంట్రోతు ముఖము తలచుకొని మనమందరము చెప్పుకొందుము. మూడవదానిని గూర్చి విన్నవారు మాత్రము తక్కువ. చక్కగా సాగుచున్నంతకాలము అది కంటికి కనబడదు. చెడిన దినముననే దాని ఉనికి తెలియును. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు అను మూడు పట్టణములను ఆధారముగా గొని, ఈ మూడవ విద్య హర్కారాల కాలమునుండి ఈ-మెయిలు కాలము వరకు ఎట్లు నడచివచ్చెనో ఈ ప్రసంగమున చెప్పదలచితిమి.

ముందుగా ఆ నేలను ఒకసారి చూతము. కృష్ణా తుంగభద్రల నడుమ నున్న సీమను అక్కడివారు నడిగడ్డ అందురు. సోమనాద్రి కట్టించిన కోటతో, కవిపండితుల రాకపోకలతో విద్వద్గద్వాల యని పేరు పొందిన గద్వాల ఆ నడిగడ్డలోనిది. కృష్ణ దాటి ఉత్తరమునకు వచ్చినచో వనపర్తి. అచ్చటనుండి తూర్పుగా, నల్లమల వైపు సాగినచో నాగర్‌కర్నూలు. గద్వాల, వనపర్తి సంస్థానములు. వానికి రాజులు, కచేరీలు, న్యాయస్థానములు వేరుగా ఉండెడివి. నాగర్‌కర్నూలు నేరుగా నిజాం ప్రభుత్వపు ఏలుబడిలోని దివానీ ప్రాంతము. దానికి పొరుగుననే కొల్లాపురము రాజధానిగా జటప్రోలు సంస్థానము. ఇట్లు కొన్ని ఆమడల మేరలోనే పలు అధికారములు ఒకదాని ప్రక్క నొకటి నిలిచియుండెను. ఇట్టిచోట ఒక జాబు ఒక కచేరీనుండి మరియొక కచేరీకి పోవుట కేవలము నడకకు సంబంధించిన విషయము కాదు. అది ఎవరి మనిషి, ఎవరి సంచి, ఎవరి ముద్ర అను ప్రశ్నలకు సంబంధించిన విషయము.

పాతకాలమున ఉత్తరములను మోసినవాడు హర్కారా. వాని చేతిలో గజ్జెలు కట్టిన బల్లెము, భుజముపై ముద్రవేసిన సంచి. కొంతదూరము పరుగెత్తి, తరువాతి మజిలీలో కాచియున్న వానికి సంచి నప్పగించి వెనుదిరుగును. ఉత్తరములోని సంగతి వానికి తెలియదు. తెలిసికొనుట వాని పని కాదు. ముద్ర చెక్కుచెదరకుండ అప్పగించుటయే వాని ధర్మము. దారిలో కృష్ణ అడ్డుపడినచో పుట్టి ఎక్కవలెను. వానకాలమున నది పొంగినచో పుట్టివాడు ఒడ్డునే కూర్చుండును. వానితోపాటు సంచియు కూర్చుండును. నీరు తీసిన తరువాత, ముందు వచ్చిన సంచి ముందు, వెనుక వచ్చినది వెనుక, అన్నియు ఆవలి ఒడ్డు చేరును. ఆలస్యమైనందున ఉత్తరము చెడలేదు. చేరుటయే ముఖ్యము, చేరలేనప్పుడు పదిలముగా నిలువయుండుట అంతకంటె ముఖ్యము. శ్రోతలు ఈ రెండు సూత్రములను గుర్తుంచుకొన ప్రార్థన. ఒకటి, మోయువాడు విప్పరాదు. రెండు, దారి మూసికొన్నప్పుడు పారవేయరాదు, నిలిపి మరల ప్రయత్నింపవలెను. నేటి విద్యుత్ తపాలాకు గూడ ఈ రెండే పునాదులు.

నిజాం రాష్ట్రమున తపాలాను ఒక ప్రభుత్వశాఖగా క్రమపరచిన కీర్తి మొదటి సాలార్‌జంగునకు చెందును. 1853 నుండి 1883 వరకు దివానుగా నుండిన ఆ మంత్రి జిల్లాలను ఏర్పరచెను. రెవెన్యూ, న్యాయ, పోలీసు శాఖలను దిద్దెను. ఆ దిద్దుబాటులోనే తపాలాయు చేరెను. 1869లో హైదరాబాదు రాష్ట్రపు మొదటి తపాలా బిళ్ల వెలువడెను. ఆ తరువాత వచ్చిన బిళ్లలపై పారశీక లిపితోపాటు ఇంగ్లీషు, మరాఠీ, తెలుగు లిపులలో గూడ వెల ముద్రింపబడెను. ఇది చిన్న విషయము కాదు. రాజభాష వేరైనను, ఉత్తరము కొనువాడు, అమ్మువాడు, అందుకొనువాడు తెలుగువాడని ఆ చిన్న కాగితపు ముక్క ఒప్పుకొన్నది. ఏర్పాటు హైదరాబాదులో, దానిని వాడుకొను జనము గ్రామములలో. ఈ రెంటికి నడుమ నొక చదువగల అక్షరముండవలెనని గ్రహించినవాడే మంచి కార్యనిర్వాహకుడు.

అయితే ఆ బిళ్లకు ఒక హద్దు ఉండెను. నిజాం బిళ్ల నిజాం రాష్ట్రము లోపలనే చెల్లును. రాష్ట్రము దాటిపోవలసిన ఉత్తరమునకు బ్రిటిషు ఇండియా తపాలా రుసుము వేరుగా కట్టవలసివచ్చెడిది. నడిగడ్డవారికి ఇది దూరపు మాట కాదు. తుంగభద్రకు ఆవలి ఒడ్డున కర్నూలు. 1839లో అచ్చటి నవాబు పాలన ముగిసినది మొదలు అది ఇంగ్లీషువారి చేతిలోనిది, మద్రాసు రాజధానికి చెందినది. ఈ ఒడ్డున కూతురు, ఆ ఒడ్డున తల్లి. ఇరువురి భాష ఒకటే, పండుగలు ఒకటే, త్రాగునీరు గూడ ఒకే నదిది. ఉత్తరమునకు మాత్రము రెండు ప్రభుత్వములు. రెండు తపాలాలు కలిసికొనుచోట సంచులు మారవలెను, లెక్కలు కుదురవలెను, ఒకరి ముద్రను ఒకరు నమ్మవలెను. దూరములనుబట్టి కాక ఒప్పందములనుబట్టి ఉత్తరము నడచునని నదీతీరవాసులు మనకంటె ముందే ఎరుగుదురు.

మరియొక సంగతి. కేంద్రస్థానము స్థిరముగా నుండునని మనము తలతుము. ఈ ప్రాంతపు చరిత్ర అట్లు చెప్పదు. 19వ శతాబ్దపు ఉత్తరార్ధమున కొంతకాలము నాగర్‌కర్నూలే జిల్లా కేంద్రము. పిమ్మట కేంద్రము పాలమూరునకు తరలెను. 1890లో ఆ ఊరికి ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ పేరిట మహబూబ్‌నగరమను పేరు వచ్చెను. గద్వాల సంగతి మరింత విచిత్రము. 1956 వరకు అది రాయచూరు జిల్లాలో నుండెను. ఆ సంవత్సరము నవంబరు 1న భాషాప్రాతిపదికపై రాష్ట్రములు ఏర్పడినప్పుడు, గద్వాల, అలంపురము తాలూకాలు తెలుగునాటికి చేరి మహబూబ్‌నగరము జిల్లాలో కలిసెను. ఊరు కదలలేదు, కోట కదలలేదు. అర్జీ వ్రాసికొనువాడు చూడవలసిన దిక్కు మాత్రము పడమరనుండి ఉత్తరమునకు మారినది. ఇట్టి ప్రతి మార్పుకు వెనుక దస్త్రములు కట్టలు కట్టి బండ్లకెక్కించిన గుమాస్తాలుండిరి. చిరునామాలు తిరుగవ్రాసిన తపాలా ఉద్యోగులుండిరి. చరిత్ర గ్రంథములలో వారి పేర్లుండవు. ఏ ఉత్తరమును పోకుండ మార్పు జరిగినచో ఆ పుణ్యము వారిదే.

తపాలా వలన ఏమి సాధింపవచ్చునో తెలుపుటకు ఈ సీమవాడే యైన సురవరం ప్రతాపరెడ్డిగారి యుదాహరణము చాలును. 1896లో అలంపురము ప్రాంతపు బోరవెల్లిలో జన్మించిన ఆయన 1926 మే 10న గోలకొండ పత్రికను స్థాపించెను. నిజాం రాష్ట్రమున తెలుగు కవులే లేరన్న మాట వినబడినప్పుడు ఆయన వాదమునకు దిగలేదు. జిల్లాలనుండి, తాలూకాలనుండి, మారుమూల గ్రామములనుండి కవితలను సేకరించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించెను. ఒకచోట కూర్చుండి వందల చోట్లనున్న మనుష్యులను ఒక పనిపై కూర్చగలుగుట అనునది ఉత్తరప్రత్యుత్తరములు నమ్మకముగా నడచిననే సాధ్యము. ఆ నమ్మకము లేనిచోట అన్ని ఊళ్లలో కవులుండినను ఒక సంచిక యుండదు.

1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసెను. 1949 ఆగస్టులో జాగీర్లు, సంస్థానములు రద్దయ్యెను. 1950 ఏప్రిలు 1న హైదరాబాదు తపాలా భారత తపాలాలో లీనమయ్యెను. ఎనుబది యేండ్లు నడచిన బిళ్ల చెల్లకుండ పోయినది. తుంగభద్రకు ఇరువైపుల ఒకే బిళ్ల వచ్చినది. తల్లి ఉత్తరము, కూతురు ఉత్తరము ఒకే వెలకు నడువజొచ్చెను. పేరులేని విలీనమే గాని, ఇండ్లలో అనుభవమునకు వచ్చిన విలీనము ఇది.

ఇక తంతి సంగతి క్లుప్తముగా చెప్పి ముందుకు సాగెదము. తంతి, ఉత్తరమును మనిషి కాళ్లనుండి విడిపించెను. కాని దానిని పంపుటకు, అందుకొనుటకు ఉద్యోగి చేతివ్రేలు, చెవి కావలసివచ్చెను. ప్రతి మాటయు అతని కంటబడక తప్పదు. 2013 జూలైలో మన దేశమున తంతి సేవ నిలిచిపోయెను. దాని స్థానమును ఆక్రమించినవానిలో ముఖ్యమైనది విద్యుత్ తపాలా, అనగా ఈ-మెయిలు.

ఈ-మెయిలు పుట్టుక గూడ వినదగినదే. 1971లో అమెరికాలోని కేంబ్రిడ్జి పట్టణమున రే టామ్లిన్సన్ అను ఇంజనీరు ఒక కంప్యూటరునుండి మరియొక కంప్యూటరునకు జాబు పంపెను. ఆ రెండు యంత్రములును ఒకే గదిలో, ప్రక్కప్రక్కనే యుండెను. అయినను వానిని కలిపినది ఆర్పానెట్ అను సుదూర నెట్‌వర్కు. చేరువలోనిది దూరపు దారిన పోయి చేరినది. మనిషి పేరును యంత్రపు పేరును విడదీయుటకు ఆయన ఎన్నుకొన్నది, వర్తకులు ధరవరలు వ్రాయునప్పుడు "చొప్పున" అను అర్థమున వాడు గుర్తు. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ అను శాస్త్రజ్ఞుడు ఒక యంత్రము మరియొక యంత్రమునకు ఉత్తరమును అప్పగించు నియమములను ప్రకటించెను. నీవెవరవు, ఎవరి వద్దనుండి తెచ్చితివి, ఎవరికి, ఇక జాబు ఇమ్ము — హర్కారాను మజిలీలో అడిగిన ప్రశ్నలే క్రమముగా అందులోను కలవు. అదే సంవత్సరపు మరియొక నియమావళి, ఉత్తరములందుకొను ప్రతి స్థానమునను "పోస్ట్‌మాస్టరు" అను పేరిట ఒక పెట్టె యుండి తీరవలెనని శాసించెను. యంత్రము ఎంత గొప్పదైనను, తప్పు జరిగినప్పుడు వ్రాసికొనుటకు ఒక మనిషి ఉండవలెనని దాని భావము. ఆ పాతపేరు నేటికిని చెల్లుచున్నది.

ఇక ఉత్తరమును అందుకొని, నిలువచేసి, పంపు కంప్యూటరును సర్వరు అందురు. అది పెద్ద తపాలా కార్యాలయము వంటిది. అది సాధారణముగా దూరనగరమున, చల్లగా నుంచిన గదిలో, ఎడతెగని విద్యుత్తుతో నడచును. కార్యాలయములోని కంప్యూటరులు మాత్రము కేబులులతో ఒకదానితో నొకటి కలుపబడి స్థానిక నెట్‌వర్కుగా ఏర్పడును. ఈ స్థానిక నెట్‌వర్కున కూర్చుండి ఆ దూరపు సర్వరును చక్కదిద్దుటయే మేము మొదట చెప్పిన మూడవ విద్యకు నేటి రూపము. కొత్త ఉద్యోగి వచ్చినచో పెట్టె తెరచుట, బదిలీయైనవాని పెట్టె మూయుట, నిలిచిపోయిన ఉత్తరముల వరుసను పరీక్షించుట, దొంగజాబులను అడ్డగించుట, నిలువలకు నకళ్లు తీయుట — ఇవి నిర్వాహకుని నిత్యకృత్యములు.

ఇందులో మొదటి చిక్కు తాళపుచెవిది. పూర్వము దూరపు యంత్రముతో మాటలాడు పద్ధతులలో పాస్‌వర్డు దారి పొడవున తెరచిన కార్డువలె పోయెడిది. నడుమ నున్నవాడు చదువుకొనవచ్చును. 1995లో ఫిన్లండు దేశపు హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయమున, పాస్‌వర్డులను దొంగిలించిన సంఘటన జరిగిన పిమ్మట, టాటు యులోనెన్ అను పరిశోధకుడు ఎస్‌ఎస్‌హెచ్ అను రక్షిత మార్గమును రచించెను. నాటినుండి ఆజ్ఞలు గూఢలిపిలో నడచుచున్నవి. కార్డు పోయి లక్క ముద్రవేసిన కవరు వచ్చినది. మోయువాడు విప్పరాదన్న హర్కారా ధర్మమును, విప్పజాలడన్న గణితముగా మార్చిరి.

రెండవ చిక్కు వాకిలిది. కోటలో ఖజానా గది తలుపు బజారువైపు పెట్టరు. ముందు కోట వాకిలి దాటవలెను. పిమ్మట లోపలి తాళము తీయవలెను. సర్వరును దిద్దు ద్వారమును గూడ లోకమంతటికి తెరచియుంచరాదు. గుర్తెరిగిన స్థానిక నెట్‌వర్కునుండి, లేదా దానిని చేరు రహస్యమార్గమునుండి వచ్చినవానికే అది తెరువబడవలెను. దూరముననున్న నిర్వాహకుడు గూడ ముందు ఆ నెట్‌వర్కున ప్రవేశించి, పిమ్మట సర్వరు తలుపు తట్టవలెను. రెండు వాకిండ్లకు రెండు చెవులు. ఒకటి పోయినను రెండవది కాచును.

మూడవది మరింత సూక్ష్మము. దూరమునుండి తాళము మార్చువాడు ఒక్కొక్కప్పుడు తననే వెలుపల పెట్టుకొనును. ఒక తప్పు ఆజ్ఞ చాలును. తలుపు మూసికొనును, అవతల వినువాడుండడు. అందువలన అనుభవజ్ఞులు మార్పుకు ముందు పాత ఏర్పాటునకు నకలు తీయుదురు. కొంత గడువులోపల ధ్రువపరుపనిచో మార్పు తనంత తాను వెనుకకు మరలునట్లు ఏర్పరతురు. అన్నిటికంటె ముఖ్యముగా, యంత్రమున్నచోట మీట నొక్కగల ఒక నమ్మకమైన మనిషిని ఉంచుకొందురు. దూరపాలనయంతయు చివరకు దగ్గరనున్న ఒకరి చేతిపై ఆధారపడును. పుట్టివాడు లేనిదే దివాను ఉత్తరము గూడ నది దాటలేదు.

దారి తెగినప్పుడు ఏమగును? 2009 అక్టోబరు తొలిదినములలో కృష్ణా తుంగభద్రలు పొంగి కర్నూలును, అలంపురమును ముంచెత్తిన సంగతి మన ప్రజలు మరువలేదు. రోడ్లు తెగెను, రాకపోకలు నిలిచెను. ఇట్టి సమయమున సర్వరు ఉత్తరమును పారవేయదు. వరుసలో నిలిపి, కొంత విరామముతో మరల మరల పంపి చూచును. నాలుగైదు దినములు ప్రయత్నించిన పిమ్మటనే, చేర్చలేకపోతినని పంపినవానికి తెలియజేయవలెనని నియమము. ఒడ్డున కాచుకొన్న సంచికిని దీనికిని భేదము లేదు.

మన దేశమున ఈ విద్య 1980ల నడుమ మొదలయ్యెను. 1986లో ఎర్నెట్ అను పథకము విద్యాసంస్థలను కలుప నారంభించెను. 1976లో స్థాపింపబడిన జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రము ఉపగ్రహము ద్వారా నిక్‌నెట్ అను నెట్‌వర్కును నడిపి, దానిని జిల్లా కేంద్రముల వరకు తెచ్చెను. సామాన్యులకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న అందెను. మన ప్రాంతమున ఇట్టి యంత్రవిద్యకు నేల ముందే సిద్ధమైయుండెను. 1959లోనే వనపర్తి రాజభవనమున పాలిటెక్నిక్కు వెలసెను. రాజుల కచేరీ నడచినచోట యువకులు ఇంజనీరింగు నేర్చిరి.

2016 అక్టోబరు 11న మరియొక మార్పు వచ్చెను. పాత మహబూబ్‌నగరము జిల్లానుండి వనపర్తి, నాగర్‌కర్నూలు, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడెను. శతాబ్దమునకు పైగా కేంద్రస్థానమును పోగొట్టుకొన్న నాగర్‌కర్నూలునకు అది తిరిగివచ్చెను. రాయచూరు వైపు, పిమ్మట పాలమూరు వైపు చూచిన గద్వాల తన ఊరిలోనే కలెక్టరును చూచెను. దస్త్రములు మరల కట్టలు కట్టబడెను. కాని ఈసారి ఒక భేదము కలదు. కాగితములు బండ్లపై రాగా, ఉత్తరపు పెట్టెలు ఉన్నచోటనే యుండి, పేర్లు మాత్రమే మారవలసినవి. త్రాగునీటి గొట్టములకై త్రవ్విన కందకములలోనే ఫైబరు కేబులును గూడ వేసి పల్లెలను కలుపు పథకమును తెలంగాణ ప్రభుత్వము చేపట్టెను. నీరును ఉత్తరమును ఒకే కాలువలో నడుపుట నదుల నడుమ నున్నవారికి సహజముగానే తోచును.

ఇదంతయు సౌకర్యమే. కాని చరిత్ర చదువువారికి ఇందొక భయము కలదు. దానిని చెప్పక ముగించుట న్యాయము కాదు. పాత కాగితమును చెదలు తినవచ్చును, వాన తడుపవచ్చును. అయినను ఒకరి ఇంట పోయినది మరియొకరి ఇంట పెట్టె అడుగున మిగులును. సంస్థానముల కాలపు సంగతులు మనకు తెలిసినవన్నచో అట్లు మిగిలిన కాగితముల వలననే. సర్వరులోని ఉత్తరములు అట్లు కావు. ఒక జిల్లా పుట్టినప్పటి ఆజ్ఞలు, అభ్యంతరములు, ఒక రైతు పింఛనుకై వ్రాసిన అర్జీ, దానికి వచ్చిన సమాధానము — అన్నియు ఒక్కచోట నుండును. ఒక్క ఆజ్ఞతో తుడిచిపెట్టుకొనిపోగలవు. బదిలీయైన అధికారి పెట్టెను మూయునప్పుడు అందులోని ఉత్తరములను భద్రపరచుటయో, చెరిపివేయుటయో నిర్ణయించువాడు, స్థానిక నెట్‌వర్కున ఒక మూలగదిలో కూర్చున్న ఒక చిన్న ఉద్యోగి. రేపటి చరిత్రకారునకు ఏమి మిగులవలెనో అతడే తేల్చుచున్నాడు. ఆ మాట అతనికి ఎవరైనను చెప్పిరా అనునది మా సందేహము.

కావున నకళ్లు ఒక్కచోట గాక రెండుచోట్ల ఉంచుట, తాళపుచెవి ఒక్కని చేతిలోనే కాక నియమము ననుసరించి ఇరువురి చేతిలో నుండుట, ఏ ఉత్తరమును ఎంతకాలము నిలుపవలెనో వ్రాతపూర్వకముగా నిర్ణయించుట, ఇవి యంత్రజ్ఞుల ముచ్చటలు మాత్రమే కావు. ఇవి ప్రజల హక్కులకు, జాతి జ్ఞాపకమునకు సంబంధించిన విషయములు. సాలార్‌జంగు కాలమున బిళ్లపై తెలుగు అక్షరము ముద్రించినవారు, ఏర్పాటు ఎంత దూరముననున్నను అది ఈ జనుల కొరకేనని ఒప్పుకొనిరి. నేటి నిర్వాహకుడును అట్లే తలచి తన మూలగదిలో జాగరూకుడై యున్నచో, గద్వాలనుండి పోవు ఉత్తరము ఏ దేశపు సర్వరున నిలిచినను అది గద్వాల ఉత్తరముగానే యుండును.